కొలతకు కుట్టించుకొను సిద్ధాంతము



పట్టణములలో చదువుకొనుచున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, ఆదివారమున గుడి గంట మ్రోగినను వసారాలోనే కూర్చుండుట ఇప్పుడు అనేక సంఘములలో కనబడుచున్న సంగతి. ఏమిరా అని అడిగినయెడల వారు తిట్టరు, ఎగతాళి చేయరు. నిదానముగా ఒక మాట చెప్పుదురు: "నాకు దేవునియందు నమ్మకము నిలువలేదు. అయినను నాకు కొన్ని విలువలున్నవి. మనుష్యులందరు సమానులని నమ్ముదును. అబద్ధము నాకు గిట్టదు. ఈ విలువలకు సరిపడు తత్వమొకటి, అట్టి మనుష్యుల కూటమియొకటి వెదకుకొనుచున్నాను."

ఈ మాటకు మన పెద్దలిచ్చు జవాబు ఒకటున్నది, లోకమిచ్చు జవాబు ఒకటున్నది. రెండును చెడ్డ జవాబులే.

పెద్దల జవాబు మీరెరిగినదే. "దేవుడు లేడన్నవాడికి నీతి ఎక్కడిదయ్యా? వాడు తాగుబోతన్నా అవుతాడు, దొంగన్నా అవుతాడు." అరుగుమీద కూర్చుండి ఈ మాట అనుట మిక్కిలి సులభము. నిజమా కాదా అని విచారించుటకు దూరము పోనక్కరలేదు. కృష్ణాతీరమునకు పోయిన చాలును.

గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరాగారు, 1902లో బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. వృక్షశాస్త్రము చదివి కళాశాలలో ఉపన్యాసకులైరి. తమ నాస్తిక భావములను దాచుకొననందున 1933లో కాకినాడలో ఉద్యోగము పోగొట్టుకొనిరి. ఆయన భార్య సరస్వతిగారికి పదియేండ్ల వయస్సుననే పెండ్లియైనది. ఆమె గర్భవతియై యుండగా గ్రహణము వేళ బయటికి వచ్చి తిరిగెను. నిప్పులు త్రొక్కుటలో మహిమ యేమియు లేదని చూపుటకు తానే నిప్పులమీద నడచెను. ఈ దంపతులు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని విజయవాడ పటమటకు మార్చిరి. అంటరానివారని లోకము త్రోసివేసినవారితో ఒకే పంక్తిలో కూర్చుండి భుజించిరి. అంతటితో ఆగలేదు. తమ పెద్ద కుమార్తె మనోరమను అంటరానివారుగా ఎంచబడిన కులమున పుట్టిన అర్జునరావుగారికిచ్చి పెండ్లి చేయ నిశ్చయించిరి. గాంధీగారు ఆ పెండ్లి తన యాశ్రమములోనే జరిపింతునని ఒప్పుకొనిరి. ఆయన హత్య జరిగిన తరువాత, 1948 మార్చిలో, ఆ పెండ్లి సేవాగ్రాములో జరిగెను.

ఇంకొక సంగతి మనకు మరింత దగ్గరిది. గోరాగారి కుమారుడు లవణముగారు 1960లో హేమలతగారిని వివాహమాడిరి. ఆమె ఎవరి కుమార్తె? "క్రీస్తు చరిత్ర" వ్రాసిన మన గుఱ్ఱము జాషువాగారి కుమార్తె. ఊరి వెలుపల పుట్టిన కవి యింటి ఆడుబిడ్డను ఆ యిల్లు కోడలిగా తెచ్చుకొనెను. పిమ్మట ఆ భార్యాభర్తలు ఎక్కడికి పోయిరో చూడుడి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము. నేరస్థ జాతులని ముద్ర వేయబడిన ఎరుకలవారిని అక్కడ ఉంచి, 1910ల దశాబ్దములో రక్షణ సైన్యమువారి చేతికి అప్పగించిరి. మిషను చేయి పడిన ఊరది. 1952లో ఆ నేరస్థ జాతుల చట్టము రద్దయినను జనులు వేసిన ముద్ర చెరగలేదు. 1970ల దశాబ్దములో ఈ దంపతులు అక్కడికి పోయి, దొంగలని పేరుపడిన వారి యిండ్లలో కూర్చుండి, దొంగతనము మాన్పించి పనిలో నిలుపుటకు పాటుపడిరి. తరువాత నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచారముతో పోరాడిరి.

ఇప్పుడు చెప్పుడి, వీరు తాగుబోతులా, దొంగలా? దొంగల యొద్దకు పోయినవారు గదా!

దైవభావము మనుష్యుని బానిసను చేయుననుట గోరాగారి వాదము. దానిని నేను ఒప్పుకొనను. ఆ వాదము తప్పని నా నిశ్చయము. అయితే ద్రాక్షతోటకు పోనని చెప్పి పోయిన కుమారుడొకడు, పోయెదనని చెప్పి పోని కుమారుడొకడు ఉన్న ఉపమానమును ప్రభువు చెప్పినది పెద్దలకే అని మరువకుడి. మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి కట్టుకొన్న ఊళ్లు మనకు లేవా? ఒకే బల్లయొద్ద రొట్టె విరిచి, పెండ్లి సంబంధము మాట వచ్చుసరికి ఏ పేట అని అడుగు ఉపదేశకులు మనలో లేరా? మన పిల్లవాడు సమానత్వము వెదకుకొనుచు బయటికి పోయినాడనగా, లోపల అది వానికి కనబడలేదని అర్థము. ఈ మాట చేదుగా నుండును. అయినను చెప్పక తప్పదు.

ఇక లోకమిచ్చు జవాబు. అది తియ్యగా నుండును గనుక ఎక్కువ ప్రమాదము. "నాయనా, నీ మనస్సుకు ఏది సరిపోయిన అది పుచ్చుకొనుము. నీ విలువలకు తగిన తత్వము, నీవంటి మనుష్యులు దొరకువరకు వెదకుము." దర్జీకి కొలత నిచ్చి చొక్కా కుట్టించుకొన్నట్లు! చొక్కా విషయములో ఇది మంచి పద్ధతియే. మనుష్యుని విషయములో కాదు. నా కొలతకు కుట్టిన సిద్ధాంతము నన్ను ఎక్కడను పట్టదు, ఒరయదు, ఆపదు. నేను సోమరినైతే నా సోమరితనమునకు చోటు విడిచియే కుట్టబడును. నాలో కులగర్వము దాగియున్నయెడల దానికొక లోజేబు కూడ పెట్టబడును.

గోరాగారి పంక్తిలో సమానత్వము ఒక అభిప్రాయము కాదు. అది నీ ప్రక్కన వేసిన విస్తరి. కూర్చుండవలెను, లేదా లేచిపోవలెను. అక్కడికి ఊరక సమానత్వమును మెచ్చుకొని వచ్చినవాడు తన యింటి పెండ్లి దగ్గర, తన చుట్టముల యెదుట పరీక్షింపబడును. ఎం. ఎన్. రాయ్‌గారి సంగతియు అట్టిదే. పార్టీలు అధికారముకొరకు పాకులాడుట స్వాతంత్ర్యమునకు చేటని ఆయన మానవవాదము తేల్చినది. తేల్చిన మీదట 1948 డిసెంబరులో తన సొంత పార్టీనే మూసివేసిరి. తన తత్వము తనను కొట్టగా దెబ్బ తినుటకు ఒప్పుకొన్నవాడు ఆయన. దానిని తత్వమనవచ్చును.

మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు దూరదేశములు పోవుచున్నారు గనుక అక్కడి సంగతియు ఒకటి చెప్పెదను. 2013 జనవరిలో లండను నగరమున, వాడుకలో లేని ఒక దేవాలయములో, ఇద్దరు హాస్యనటులు సండే అసెంబ్లీ అను కూటమిని ఆరంభించిరి. పాటలున్నవి, ప్రసంగమున్నది, తేనీరున్నది. దేవుడు మాత్రము లేడు. జనులు గుంపులుగా వచ్చిరి. కొద్ది కాలములోనే అమెరికాలో, ఆస్ట్రేలియాలో అట్టి కూటములు పుట్టెను. కొన్ని ఏండ్లకే వాటిలో అనేకము మూతపడెను. ఒంటరితనము వారిని కూర్చెనని నేను అర్థము చేసికొనుచున్నాను. దానిని నేను ఎగతాళి చేయను. అయితే బాగుగ నున్నదని వచ్చినవాడు బాగుగ లేని ఆదివారమున ఏల రావలెను? న్యూయార్కులో 1876లో ఫెలిక్స్ ఆడ్లరుగారు స్థాపించిన నైతిక సంస్కృతి సంఘము నేటికిని ఉన్నది. ఆడ్లరుగారు యూదుల మతగురువు కుమారుడు. దేవుని గూర్చి ఎవరు ఏమి నమ్మినను సరే యనెను గాని, పని విషయములో అట్లనలేదు. మొదటి రెండేండ్లలోనే బీదల యిండ్లకు పోయి రోగులను చూచు నర్సులను, కూలివారి పిల్లలకు ఉచితముగా శిశుపాఠశాలను ఏర్పాటు చేయించెను. ఒక కూటమి తన సభ్యుని భుజముమీద ఏదో ఒక బరువు పెట్టవలెను. ఆ బరువే వానిని అక్కడ నిలుపును.

కావున, వసారాలో కూర్చున్న నాయనా, అమ్మా, మీతో సూటిగా మాటలాడుచున్నాను. వెదకుడి. కాని ఈ కూటమి నా విలువలకు సరిపడునా అని మాత్రమే అడుగవద్దు. ఇది నాలో దేనిని ఒప్పుకొనదు అని అడుగుడి. అక్కడ వంట ఎవరు చేయుదురో, గిన్నెలు ఎవరు తోముదురో చూడుడి. పెద్ద మాటలు చెప్పు పురుషులు భుజించి లేచిపోవుచు, స్త్రీలే తోముచున్నయెడల ఆ తత్వమెంతో మీకు తెలిసిపోవును. అక్కడి నాయకుని తప్పు పట్టిన సభ్యుడు మరుసటి వారము అక్కడనే ఉన్నాడా అని కనుగొనుడి. మీవలె చదువుకొననివాడు, మీవలె మాటలాడలేనివాడు అక్కడ కూర్చున్నాడా? అందరును మీవంటివారే అయినయెడల మీరు కూటమిని కనుగొనలేదు, అద్దమును కనుగొన్నారు.

మరియొకటి. మన పల్లెలలో మనుష్యుడు చనిపోయినప్పుడు గుంట త్రవ్వువారు ఎవరు? పెట్టె మోయువారు ఎవరు? మూడు దినములు ఆ యింటికి కూడు పంపువారు ఎవరు? తత్వమును నచ్చిన పుస్తకమునుండి నేర్చుకొనవచ్చును గాని అర్ధరాత్రి తలుపు తట్టుటకు ఇల్లు కావలెను. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పురోహితుని త్రోసివేసి ఊరకుండలేదు. పెండ్లి జరుపుటకు తెలుగులో వివాహవిధిని కూడ వ్రాసి యిచ్చిరి. పాతది కాదన్నవాడు పెండ్లికిని చావుకును ఏమి చేయవలెనో చెప్పవలసినవాడని ఆయనకు తెలియును. మీ కొత్త కూటమివారు దీనిని గూర్చి ఏమి ఆలోచించిరి? చేరక ముందే అడుగుడి.

ఇది వ్రాయుచుండగా పెద్దలు సంతోషించుచున్నారేమో, చావు వచ్చినప్పుడు వాడే తిరిగి వచ్చునని. సంతోషింపవద్దు. "సంఘము విడిచినవాడికి సమాధుల దొడ్డిలో చోటులేదు" అని తీర్మానములు వ్రాసికొనుట, కుమారుడు గుడికి రాలేదని ముసలి తండ్రి శవమునకు గంట కొట్టకపోవుట, ఇవి విశ్వాసము కాదు, బెదిరింపు. ఆరడుగుల నేలను చూపి తెచ్చుకొన్నవాడు ఆత్మతో రాడు, శవముతోనే వచ్చును. అటువంటి తీర్మానము మీ సంఘపు పుస్తకములో ఉన్నయెడల రాబోవు పెద్దల సభలోనే దానిని కొట్టివేయుడి. ఎవరైనను ఎదురాడినయెడల వ్రాతమూలముగా ఎదురాడుమనుడి.

ఈ క్రిస్మసుకు అతడు ఇంటికి వచ్చినప్పుడు, గుడికి వచ్చెదవా రావా అని మొదటనే అడుగకుడి. మీ కూటములో ఎందరున్నారు నాయనా, ఎక్కడ కలిసికొందురు, మొన్న జబ్బుపడినవానికి గంజి ఎవరు కాచి యిచ్చిరి అని అడుగుడి. అతడు చెప్పునది చివరవరకు వినుడి. మన సంఘములో మొన్న జబ్బుపడినవానికి ఎవరు కాచి యిచ్చిరో చెప్పుటకు సిద్ధముగా నుండుడి. అతడు తప్పక అడుగును.