తాబేలుకి అరుగేదండీ?

ఆలమూరు వీధుల్లో పాతకాలపు ఇళ్ల ముందు అరుగులు ఇంకా కొన్ని మిగిలాయి. చలికాలం పొద్దున్నే పెద్దవాళ్లు వాటి మీద చేరి, వీపుకి ఎండ తగిలేలా కూర్చుంటారు. అలా కూర్చున్న మనిషిని లేపి, గదిలో పెట్టి తలుపేసి, రాత్రింబవళ్లు నడుంలోతు నీళ్లలో నిలబెడితే ఊరుకుంటామా? వీధంతా కదిలొస్తుంది. హాల్లో టీవీ పక్కన గాజు తొట్టిలో ఉన్న తాబేలుకి మనం చేస్తున్నది అదే. వచ్చినవాళ్లకి చూపించి మురిసిపోతున్నాం కూడా.

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. మా మనవడి పుట్టినరోజుకి పట్నంలో ఒక దుకాణం నుంచి రెండు తాబేలు పిల్లల్ని తెచ్చాం. ఒక్కొక్కటీ పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. కళ్ల వెనక ఎర్రటి చార. వాటితో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో పిల్లాడి అరచేతిలో పట్టేంత పచ్చటి దిబ్బ, దాని మీద ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. కోనసీమ ఇంట్లోకి ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు కొని తెచ్చుకున్నాం! రోజూ నాలుగు గింజల మేత వెయ్యండి, వారానికోసారి నీళ్లు మార్చండి, అంతేనండి అన్నాడు అమ్మినవాడు. ఎండ మాట లేదు. ఆరిన చోటు మాట లేదు. అది ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పలేదు. మేమూ అడగలేదు.

కొన్ని నెలలకి డబ్బా చాలక గాజు తొట్టి కొన్నాం. దాంతో పాటు రబ్బరు కప్పులతో గాజుకి అతుక్కునే ప్లాస్టిక్ బల్ల ఒకటి. రెండూ ఒకేసారి ఎక్కితే బల్ల ఒక పక్కకి ఒరిగిపోయేది. ఒక రాత్రి కప్పులు జారిపోయాయి. పొద్దున లేచి చూస్తే చిన్నది బల్లకీ గాజుకీ మధ్య ఇరుక్కుని, మెడ సాంతం చాచి, నీళ్లలోనే చచ్చిపోయి ఉంది. తాబేలు చేప కాదు. దానికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. నీటి జీవి అని మనం పేరు పెట్టినది నీళ్లలో ఊపిరాడక పోయింది.

రెండోదాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన డిప్పని బొటనవేలితో మెల్లిగా నొక్కారు. నానిన అట్టముక్కలా లోపలికి వంగింది. "దీనికి ఎండ తగిలి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

తాబేలు ఒంట్లో సొంత వేడి పుట్టదు. బయటి వేడి అందితేనే తిన్నది అరుగుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి వస్తుంది. ఎండలోని యూవీబీ కిరణాలు తగిలితే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే మేతలో ఎంత కాల్షియం వేసినా ఎముకకి పట్టదు. డిప్ప కూడా ఎముకే, అందుకే మెత్తబడుతుంది, వంకర పోతుంది. ఎప్పుడూ తడిగా ఉన్న డిప్పకి బూజు పడుతుంది, పుండ్లు పడతాయి. ఈ జబ్బులన్నిటికీ మొదటి మందు నీళ్లలోంచి పూర్తిగా బయటికొచ్చి, ఒళ్లారబెట్టుకుని, వెచ్చగా పడుకునే జాగా. దుకాణాలవాళ్లు దాన్ని అలంకరణ సామాన్ల అరలో పెట్టి అమ్ముతున్నారు. నా కోపమంతా అక్కడే. ప్రాణం నిలబెట్టే వస్తువుని బొమ్మల పక్కన పెట్టి, బొమ్మలా చూపించి, బొమ్మ సైజులో అంటగడుతున్నారు.

ఆరిన నేల విలువ మన గోదావరివాళ్లకి ఒకరు చెప్పాలా? 1986 ఆగస్టులో, మళ్లీ 2022 జూలైలో గౌతమి పొంగి లంకలు మునిగినప్పుడు మనుషులూ గొడ్లూ ఏటిగట్టు మీదికి చేరారు. కాలు మోపడానికి పొడి జాగా దొరికితే చాలనుకున్న ఊళ్లు మనవి. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లం మన తొట్టిలో గట్టు లేకుండా ఎలా చేశాం?

అందుకే ఆ అరుగు ఎలా ఉండాలో గట్టిగానే చెబుతాను. తాబేలు తలా తోకా నాలుగు కాళ్లూ చాపుకుని పడుకున్నా ఇంకా చోటు మిగలాలి. రెండుంటే రెండిటికీ ఒకేసారి. ఇవాళ్టి పిల్లకి సరిపోయేది కొనకండి. ఎర్రచార తాబేలు ఆడదైతే అడుగు పొడవు దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. కొనే ముందు కిలోన్నర, రెండు కిలోల బరువు పెట్టి చూడండి. కిందికి కుంగి నీళ్లు పైకొస్తే అది అరుగు కాదు, వదిలేయండి. రబ్బరు కప్పుల్ని మాత్రం నమ్మకండి. ఎక్కే దారి ఏటవాలుగా, గరుకుగా, నీళ్ల లోపలి నుంచే మొదలవ్వాలి. నున్నటి ప్లాస్టిక్ మీద గోళ్లు జారి, నాలుగుసార్లు పడ్డ తాబేలు అయిదోసారి ఎక్కడం మానేస్తుంది. బల్లకీ గాజుకీ మధ్య సందు ఉంటే అది అనాయాసంగా దూరి తిరగగలిగేంత ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. సగం పట్టే సందే చంపుతుంది. అరుగు మీద నిలబడి తొట్టి అంచు అందుకునేంత ఎత్తూ వద్దు, కిందపడి డిప్ప పగులుతుంది.

కొందరు ఇటుకలూ రాళ్లూ పేరుస్తారు. తాబేలు తోసిందంటే దొర్లి గాజు పగులుతుంది, లేదా దాని మీదే పడుతుంది. చిన్న గులకరాళ్లు అడుగున పోస్తే మింగేస్తుంది, పేగులో అడ్డుపడుతుంది. కొబ్బరి దుంగ నానుతూ కుళ్లిపోతుంది. నేను చివరికి చేసింది ఇది: ప్లంబింగ్ షాపులో పీవీసీ గొట్టాలు కొని నాలుగు కాళ్ల బల్లలా అతికించాను. నీళ్లు నిండి కిందికి కూర్చునేలా గొట్టాలకి బెజ్జాలు వేశాను, లేకపోతే తేలిపోతుంది. పైన రొయ్యల చెరువులవాళ్లు వాడే గట్టి ప్లాస్టిక్ మెష్ పరిచాను, గోరు ఇరుక్కోనంత చిన్న కన్ను ఉన్నది. అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దాను. మొదటిరోజు మా రెండో తాబేలు అడుగున దాక్కుంది. మూడో రోజు మధ్యాహ్నం ఎక్కి, వెనక కాళ్లు రెండూ సాంతం చాపి, వేళ్ల మధ్య తోలు విప్పుకుని, మెడ వాల్చి పడుకుంది. మా ఇంట్లో అడుగుపెట్టాక అది ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకోవడం అదే మొదటిసారి.

అరుగు కట్టి ఎండ ఇవ్వకపోతే సగం పనే. కిటికీ పక్కన పెట్టాం కదా అంటారు. కిటికీ అద్దం వెలుతురుని రానిస్తుంది, యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. మామూలు ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది వెలుగే. యూవీబీ దీపమని అడిగి కొనండి, గాజు మూత అడ్డం లేకుండా, డబ్బా మీద రాసిన దూరంలో అరుగు మీదికి వేలాడదీయండి. వెలుగుతూనే ఉన్నా కిరణాల బలం ముందే తగ్గిపోతుంది కాబట్టి ఆరునెలలకో ఏడాదికో మార్చాలి. అరుగు మీద వేడి 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి, నీళ్లు అంతకంటే చల్లగా. అంత ఖర్చు పెట్టలేమంటే భగవంతుడు ఊరికే ఇచ్చిన ఎండ ఉంది. పొద్దున్న వెడల్పాటి టబ్బులో సగం నీడ పెట్టి పెరట్లో ఉంచండి, కాకీ కుక్కా రాకుండా పక్కన కూర్చోండి. గాజు తొట్టిని మాత్రం ఎండలో పెట్టకండి, మన వేసవికి లోపలే ఉడికిపోతుంది.

ఇంత తతంగమా అనేవాళ్లకి నా జవాబు ఒకటే: కొనకండి. తాబేలు ఇల్లు చొరబడితే అరిష్టమని మన పెద్దలు భయపడేవారు. ఇప్పుడు తాబేలు ఉంటే కలిసొస్తుందని తొట్టిలో పెడుతున్నారు. రెండు నమ్మకాల్లోనూ దాని ప్రాణం ఊసే లేదు. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెట్టి వచ్చి, ఇంట్లో కూర్మాన్ని తడిలో కుళ్లబెట్టడం ఏం భక్తి?

కాలువలు కట్టేశాక బురదలో దొరికిందని మన ఊరి తాబేలుని తెచ్చి తొట్టిలో వేసేవాళ్లకి ఇంకో మాట. కాళ్లు లోపలికి లాక్కుని రేకులతో మూసుకునే ఆ మెత్తడిప్ప తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టినా పెంచినా మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఒంటి మీద చుక్కల గీతలున్న నక్షత్ర తాబేలుకీ అదే రక్ష. గోనెసంచుల్లో కుక్కి ఒడిశా వైపు తరలిస్తుంటే పట్టుబడ్డ తాబేళ్ల వార్తలు మనకి కొత్త కాదు. వాటికి తొట్టీ వద్దు, అరుగూ వద్దు, మన చేలగట్లు చాలు.

ఇక పెంచలేమని ఎర్రచార తాబేలుని జొన్నాడ వంతెన మీంచి గౌతమిలోకి వదిలేసి పుణ్యం వచ్చిందనుకునేవాళ్లూ ఉన్నారు. అది అమెరికాలో మిసిసిపీ నదీలోయ జీవి. ప్రపంచంలో అతి చెడ్డ వంద ఆగంతుక జీవుల జాబితాలో దాని పేరుంది. యూరప్ దేశాలు 1997లోనే దాని దిగుమతి ఆపేశాయి. సాల్మొనెల్లా అనే రోగక్రిమి భయంతో అమెరికాలోనే నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. మనకి అంటగడుతున్నది సరిగ్గా ఆ సైజు పిల్లల్నే. మన తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ వచ్చేదాన్ని మన చేతుల్తోనే ఏట్లోకి దించకండి. అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లి ఏం చెయ్యాలో అడగండి.

ఇప్పటికే ఇంట్లో తాబేలు ఉన్నవాళ్లకి దండం పెట్టి అడుగుతున్నాను. ఈ కాగితం పక్కన పెట్టి తొట్టి దగ్గరికి వెళ్లండి. అది ఎక్కి పడుకునే చోట అరచేయి ఆనించండి. తడి తగిలిందా, రేపు పొద్దున్న దుకాణం తెరిచేసరికి అక్కడ ఉండండి.