సంక్రాంతినాటి ఊరు, శ్రావణమునాటి ఊరు

ముప్పదియైదేండ్లు ఏదో యొక దూరనగరమున కొలువు చేసి, పిల్లలు తమ తమ సంసారములతో హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావలనో స్థిరపడియుండగా, ఇక మిగిలిన కాలమును ఏ ఊరిలో గడపవలెనను ప్రశ్న ఎదురైనప్పుడు మనవారిలో పెక్కుమంది చేయు పని ఒక్కటియే: సంక్రాంతి సెలవులకు స్వగ్రామము పోయి చూచివచ్చుట. గోదావరి డెల్టాలో పుష్యమాసము పరమరమణీయమైన కాలము. సార్వా కోతలు ముగిసి, కళ్ళములలో గడ్డివాములు లేచి, దాళ్వాకు విడిచిన నీటితో కాలువలు నిండుగా పారుచు, ఎండలో తీక్ష్ణత లేక, గాలిలో ఉక్క లేక, ఏడాదంతయు తాళము పడియుండు ఇండ్లు సైతము బంధుజనముతో కళకళలాడుచుండు ఆ నాలుగు దినములలో, అరుగుమీద కూర్చుండి కొబ్బరినీరు త్రాగుచున్న మనిషికి ఇంతకంటె స్వర్గము వేరొకటి కలదని తోచదు. పండుగ వెళ్ళకముందే బయానా, ఉగాదికి రిజిస్ట్రేషను, ఆపై గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్మంతయు ఇటుకలలోను ఇనుములోను పోయుట, వరుసగా జరిగిపోవును. మిగిలిన పదునొకండు నెలలలో ఆ ఊరి ముఖమెట్లుండునో వారెరుగరు.

స్థిరనివాసమునకు ఎన్నుకొను ఊరిని దాని చెడ్డకాలములో చూడవలెనని నా దృఢమైన నమ్మకము. శ్రావణ భాద్రపదములలో ఒక నెల, కార్తికమున తుపానుల వేళ కొన్ని దినములు, వైశాఖమున కాలువలు కట్టివేసిన పిదప మరికొన్ని దినములు అద్దెయింట నుండి చూచినగాని భూమి కొనరాదు. కోనసీమను ఉదాహరణముగా గైకొందును. అది నాకు ప్రియమైన సీమ గనుకనే దాని దోషములను దాచుట నాకిష్టము లేదు.

మొట్టమొదట దోమ. దీనిని చిన్న ఉపద్రవముగా నెంచువారు ప్రొద్దు క్రుంకిన పిదప వానకాలపు డెల్టా గ్రామమున వాకిట కూర్చుండి చూడవలెను. అక్కడి దోమలన్నియు ఒక్క జాతివి కావు. మురుగుకాలువలో పుట్టి రాత్రి కుట్టు క్యూలెక్సు వేరు. కొబ్బరిచిప్పలలోను, పూలకుండీల పళ్ళెములలోను నిలిచిన తేటనీటిలో పుట్టి, పగలు కుట్టి, డెంగీని తెచ్చు పులిదోమ వేరు. కాలువలను చెరువులను కప్పివేయు గుర్రపుడెక్కను ఆశ్రయించిన మాన్సోనియా వేరు. ఈ కడపటి దోమయొక్క లార్వా ఊపిరికై నీటిపైకి రాదు. గుర్రపుడెక్క వేరును గ్రుచ్చి అందలి గాలిని పీల్చును. కావున నీటిపై నూనె చల్లినను అది చావదు. ఆ మొక్కను వేళ్ళతోసహా లాగి గట్టున పడవేసినగాని దాని పీడ విరగడ కాదు. పంచాయతీవారు ఆ పని చేయుచున్నారా, ఏటికెన్నిసార్లు చేయుచున్నారు అను సంగతి పొలము ధరకంటె ముందు అడిగి తెలిసికొనదగినది.

క్యూలెక్సు తెచ్చు బోదకాలును గూర్చి కాకినాడ, అమలాపురము ప్రాంతములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్క కాటుతో వచ్చు వ్యాధి కాదది. నెలల తరబడి, ఏండ్ల తరబడి పడిన కాటులతో దేహమున చేరిన పురుగులు రసనాళములలో కాపురముండి, తమ సంతతిని రాత్రివేళ రక్తములోనికి విడుచును. ఆరోగ్యశాఖవారు రక్తపరీక్షకు రాత్రిపూట ఇంటింటికి వచ్చుటకు కారణమిదియే. పంచిన డి.ఇ.సి. మాత్రలు తమకు కాదని త్రోసివేసినవారిని నేను చూచియున్నాను. మేము ఉద్యోగము చేసివచ్చినవారము, మాకేల అనిరి. వాచి గట్టిపడిన కాలును పూర్వస్థితికి తెచ్చు మాత్ర లేదు. దినదినము సబ్బుతో కడిగి, తుడిచి, పుండు పడకుండ కాచుకొనుటయే మిగులును. వంగి తన పాదమును తాను కడుగుకొనలేని డెబ్బదియేండ్ల మనిషికి అది ఎంత కష్టమో ఊహింపుడు.

కోతలవేళ ఎలుకలు చేలనుండి గడ్డివాములకును ఇండ్లకును చేరును. వాని వెంట పాములు వచ్చును. తాచు, రక్తపింజరులకంటె నేను వృద్ధుల విషయమున ఎక్కువగా భయపడునది కట్లపామునకు. అది రాత్రివేళ, నేలమీద పరుండినవారిని కరచును. నొప్పియు వాపును అంతగా ఉండవు; కాటు గుర్తు సైతము కానరాకపోవచ్చును. తెల్లవారుసరికి కడుపులో నొప్పి, కనురెప్పలు వాలుట, మాట తడబడుట, ఆపై ఊపిరి అందకుండుట. ముసలివారిలో దీనిని పక్షవాతమని భ్రమించుటకు వీలున్నది. మంచముమీద పరుండి, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడిచినచో దోమయు పామును రెండును దూరముగా నుండును. అయినను విరుగుడు మందును, కృత్రిమశ్వాస యంత్రమును ఉన్న ఆసుపత్రి ఎంత దూరమున కలదో, అర్ధరాత్రి వానలో అచ్చటికి చేరుటకు ఎన్ని నిమిషములు పట్టునో, ఇల్లు చూడబోయిననాడే ఒకమారు ప్రయాణము చేసి తెలిసికొనవలెను.

చెదలు మనిషి ప్రాణము తీయవు గాని మనసును విరిచివేయును. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు జీవితమంతయు కూర్చిన పుస్తకములను గోడలోని అలమరలో పెట్టి, ఒక వానకాలము కొడుకు దగ్గర గడపి తిరిగివచ్చి, అలమర వెనుకనుండి వ్రేలెడు వెడల్పున ప్రాకిన మట్టిచాలును చూచి, భయముతో ఒక పుస్తకమును చేతికి తీసికొనగా, అట్ట చెక్కుచెదరక, వెనుకభాగమున బంగారు అక్షరములు మెరయుచుండగా, లోపల కాగితమునకు మారుగా తడిమట్టి మాత్రము మిగిలియుండుట నేను కన్నులార చూచితిని. పునాదినాడే నేలకు మందు పోయించుకొనుట, అలమరలను గోడకు జానెడు దూరమున నిలుపుట, ఇంటిని నెలల తరబడి మూసియుంచకుండుట: ఇవి తప్ప ఉపాయము లేదు. చివరిది పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చుచుండువారికి అన్నిటికంటె కష్టమైనది.

కొబ్బరితోట కొని దాని ఆదాయముతో కాలక్షేపము చేయుదమనుకొనువారికి మరి రెండు మాటలు. కొమ్ముపురుగు పెంటకుప్పలో పుట్టి మొవ్వును తొలుచును. విప్పారిన ఆకు కత్తిరించినట్లు కనబడును. 2016లో తమిళనాడున మొదట కనబడి, పిమ్మట మన తోటలలోనికి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ ఆకుల అడుగున చేరి, జిగట తేనెవంటి ద్రవమును కురిపించును. దానిపై నల్లని మసి పట్టి క్రింది మొక్కలు, మెట్లు, ఆరవేసిన బట్టలు సైతము మలినమగును. చెట్టెక్కి శుభ్రము చేయు దింపుకార్మికులు దొరకుట నానాటికి దుర్లభమగుచున్నది.

నీటిమాట వేరు చెప్పవలెను. ధవళేశ్వరము దిగువనున్న సీమకు నీటికొదువ యేమి అని అందరు అనుకొందురు. కాని వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన పిదప గ్రామములు ముందుగా నింపుకొన్న మంచినీటి చెరువులమీదనే ఆధారపడును. సముద్రతీరము చేరువైనకొలది బావినీరు ఉప్పన. రొయ్యలచెరువులు వచ్చినచోట అది మరింత ఉప్పన. మరల శ్రావణమున గోదావరి పొంగినచో లంకగ్రామములకు దారులు మునుగును, సఖినేటిపల్లి, నరసాపురముల నడుమ పంటు నిలిచిపోవును. 1986 వరదను పెద్దలు మరువలేదు. 2022 జూలైనాటి వరదను పిల్లలును మరువరు. 1996 నవంబరు తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. నేలక్రింది గ్యాసు నిక్షేపములును ఈ సీమకు వరము మాత్రమే కావని 1995లో పాసర్లపూడియు, 2014లో నగరమను గ్రామమును అగ్నిరూపమున చూపినవి.

అయినచో అక్కడ మనుష్యులు బ్రతుకుట లేదా అని అడుగువారున్నారు. బ్రతుకుచున్నారు, హాయిగా బ్రతుకుచున్నారు. వారు ఆ ఊరిని ఎన్నడును విడిచినవారు కారు. మబ్బు రంగు చూచి బియ్యపుబస్తాలను అటకకెక్కించుటయు, ఏ వేళ ఏ గట్టున అడుగు పెట్టరాదో ఎరుగుటయు వారికి నిత్యకృత్యము. ఇరువది యేండ్ల ప్రాయమున ఊరు విడిచి, అరువదిరెండవ యేట తిరిగివచ్చినవాని జ్ఞాపకములో ఉన్నది ఇరువది యేండ్ల దేహముతో ఈదిన కాలువ, పరుగెత్తిన గట్టు. ఇప్పుడు వానివెంట వచ్చినవి మోకాలినొప్పియు మధుమేహమును. ఆ జ్ఞాపకమును నమ్మి గృహము కట్టుట ప్రమాదకరము.

ఇతరప్రదేశములు నిర్దోషములని నేననను. మదనపల్లె ఎత్తుననున్నది, గాలి పొడి, చల్లదనము కలదు. ఆ గుణమునకే 1915లో ఆరోగ్యవరమున క్షయరోగుల ఆసుపత్రి వెలసినది. కాని బోరువేసి నీటికై ఎదురుచూచుట అక్కడి దుఃఖము. విశాఖకు సముద్రమున్నది, పెద్ద ఆసుపత్రులున్నవి, 2014 హుద్‌హుద్ జ్ఞాపకమును ఉన్నది. నల్లగొండ ప్రాంతమున కృష్ణానీరు కుళాయిలకు వచ్చుచున్నను, ఫ్లోరైడు పరీక్ష చేయింపక బోరునీరు త్రాగరాదు. తెలంగాణ గ్రామములలో కోతుల బెడద నేడు పరిహాసవిషయము కాదు: పెంకులు లేపి వంటింట దూరును, జామకాయ మిగులనీయవు, కూరపాదులు పెట్టుట జనము మానివేసినారు, మిద్దెమీద బట్టలు ఆరవేయబోయిన అవ్వ కోతికి బెదరి మెట్లమీద పడి తుంటియెముక విరుగగొట్టుకొనినచో ఆమె తిరిగి నడచునన్న నమ్మకము లేదు.

సుమతీ శతకకారుడు నివాసయోగ్యమైన ఊరికి చెప్పిన లక్షణములలో వైద్యుడును, ఎల్లకాలము నీరుండు ఏరును కలవు. వానికి నేనొకటి చేర్చుదును: ఆ ఊరు భార్యకు కూడ ఊరై యుండవలెను. స్వగ్రామమనునది చాలమారు భర్త స్వగ్రామమే. ఆమె అచ్చట కోడలిగా కొన్ని పండుగలు చేసినదే గాని, ఆమె స్నేహములు, ఆమె భాషణములు, ఆమెకు అలవడిన బజారు అన్నియు ముప్పదియేండ్లు కాపురమున్న ఆ దూరపు కాలనీలో ఉన్నవి. వయస్సున చిన్నది గనుక సాధారణముగా ఆయన తరువాత చాలకాలము ఆ యింట ఒంటరిగా నుండవలసినది ఆమెయే. తోటల మధ్య, పొరుగిల్లు కేకకందని చోట, పెద్ద ఇల్లు కట్టించునప్పుడు ఈ మాట ఎవరును పలుకరు.

నాకు తెలిసిన దంపతులు భిలాయినుండి గత సంవత్సరము వచ్చినారు. ఆయన కోరిక లంకలో పూర్వుల స్థలమున ఇల్లు. ఆమె అడిగినది మందులకొట్టు నడకదూరమున ఉన్నదా యని. రాజమహేంద్రవరమున రెండుగదుల అద్దెయిల్లు తీసికొని, శ్రావణమంతయు వారమునకొక దినము లంకకు పోయి, ధవళేశ్వరమున కాటన్ బ్యారేజీవద్ద ప్రమాదహెచ్చరిక ఎగురవేసిననాడు దారిలోనే నిలిచి తిరిగివచ్చినారు. స్థలమునకు కంచె వేయించినారు గాని పునాది తీయలేదు. కార్తికము వెళ్ళిన తరువాత, వైశాఖమును చూచి, అప్పుడు మాటలాడుకొందుమని ఆమె నాతో చెప్పినది, ఆయన కాదనలేదు.