గూడూరుకు 18 బైట్లు

తెలుగులో బ్లాగులు మొదలైన తొలినాళ్ళలో మనందరినీ వేధించినవి డబ్బాలు. ఎంతో శ్రమపడి టపా రాస్తే చదువరి తెరపై వరుసగా చతురస్రాలు కనిపించేవి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఖతినో, పోతన ఖతినో స్థాపించుకొమ్మని పక్కన ఒక సూచన పెట్టేవాళ్ళం. ఆ డబ్బాలను నేనిప్పుడు కొంత ఆదరంతోనే తలచుకుంటాను. డబ్బా వెనుక అక్షరం క్షేమంగా ఉండేది. ఖతి దొరికిన మరుక్షణం ప్రత్యక్షమయ్యేది. నేడు అప్పుడప్పుడు కనిపించే నల్లని వజ్రం, దాని నడుమ ప్రశ్నార్థకం, అటువంటిది కాదు. అది కనిపించిన చోట అక్షరమే లేదు. ఏ ఖతి తెచ్చినా తిరిగి రాదు.

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం చుట్టుపక్కల ఊళ్ళలో వినిపించే పాటలను, మాటలను సేకరించేందుకు నేనొక చిన్న సర్వరు రాసుకున్నాను. పాట విన్నవారు ఫోనులో టైపుచేసి పంపితే అది జేసన్ రూపంలో సర్వరుకు చేరుతుంది. ఊరి పేర్లు, విడి మాటలు చక్కగానే వచ్చాయి. పొడవైన పాటల్లో మాత్రం అక్కడక్కడ నల్లవజ్రాలు మొలిచాయి. సర్వరు చిట్టాలో ఒక్క దోషమూ నమోదు కాలేదు. ప్రతి పాటకూ అందినట్లే జవాబు వెళ్ళింది. తప్పు పంపినవారిది కాదు, నాది. అయితే ఈ తప్పు నా ఒక్కడిదే కాదని, దీన్ని గురించి తెలుగువాళ్ళమే మాట్లాడాలని నా అభిప్రాయం.

"గూడూరు" మన కంటికి మూడక్షరాలు. యూనీకోడు లెక్కలో ఆరు సంకేతాలు: గ, కొమ్ముదీర్ఘం, డ, మళ్ళీ కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. "గ" అంటే 224, 176, 151. కొమ్ముదీర్ఘమంటే 224, 177, 130. తెలుగు సంకేతం ఏదైనా మొదటి బైటు 224. రెండవది 176 గాని 177 గాని. మూడవది చేరితేనే అది ఏ అక్షరమో తెలుస్తుంది. ఆ విధంగా గూడూరుకు 18 బైట్లు. అదే ఊరి పేరును ఇంగ్లీషులో అయిదక్షరాలతో రాస్తే అయిదు బైట్లు.

ఇక ఎసింక్రనస్ సర్వరు సంగతి. 2009లో రయాన్ డాల్ వెలువరించిన నోడ్ జేయెస్ ఈ పద్ధతిని బహుళ ప్రచారంలోకి తెచ్చింది. ఈ సర్వరు ఒకరి ఉత్తరం పూర్తిగా వచ్చేదాకా కాచుకుని కూర్చోదు. వచ్చిన ముక్కను మన ప్రోగ్రాము చేతికిచ్చి, మరొకరి పని చూడబోతుంది. తరువాతి ముక్క వచ్చినప్పుడు మళ్ళీ పిలుస్తుంది. ఒక సర్వరు వేలమందికి జవాబు చెప్పగలగడం ఈ సుగుణం వల్లనే. కాని ముక్క ఎక్కడ తెగాలో నిర్ణయించేది మనం కాదు. ఈథర్నెట్ పొట్లం ఒకదానిలో సాధారణంగా 1,460 బైట్లకు మించి పట్టవు. దారిలోని ప్రాక్సీలు తమ కొలతలు తాము పాటిస్తాయి. వీటిలో దేనికీ అక్షరజ్ఞానం లేదు. వాటికి తెలిసినవి బైట్లే.

నేను చేసిన పని, వచ్చిన ప్రతి ముక్కనూ అప్పటికప్పుడే వాక్యంగా మార్చి, ముందుదానికి అతికించడం. పాత పాఠాల్లో ఈ పద్ధతి విరివిగా కనిపిస్తుంది. తాటాకు గ్రంథం ఒక ఆకు అక్షరం నడుమ విరిగిందనుకోండి. తెలివైన లేఖకుడు రెండు ముక్కలనూ అంచుకు అంచు చేర్చి, అప్పుడు చదువుతాడు. నా సర్వరు ఒక ముక్కను చదివి, అంచున ఉన్న సగం అక్షరాన్ని "తెలియదు" అని రాసుకుని, రెండవ ముక్క మొదట్లోని మిగతా సగాన్నీ "తెలియదు" అనే రాసుకుంది. 224 దగ్గర తెగితే ముందు ముక్క చివర ఒక వజ్రం, తరువాతి ముక్క మొదట రెండు వజ్రాలు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే బైటు గనుక అది మధ్యలో తెగే ప్రసక్తే లేదు. విరామాలు లేని తెలుగు పాఠంలోనైతే, ఎక్కడో ఒకచోట కోత పడితే మూడింట రెండు సందర్భాలలో అక్షరం తెగుతుంది.

ఇంతకంటె నన్ను బాధించినది ఈ నష్టం మౌనంగా జరగడం. జేసన్‌లోని కొటేషన్ గుర్తులు, మీసాల బ్రాకెట్లు 128కి లోపలి బైట్లు; తెలుగు బైట్లన్నీ 128 గాని అంతకు పైవి గాని. అందువల్ల అక్షరం చితికినా జేసన్ కట్టడం చెక్కుచెదరదు. పార్సరు దాన్ని నిక్షేపంగా చదివి, సరే అంటుంది. దీనికి భిన్నమైన మరో తప్పు ఉంది. పంపేవారు బాడీ పొడవును బైట్లలో కాక సంకేతాలలో లెక్కపెట్టి ప్రకటించడం. గూడూరుకు 18 బదులు 6 అని చెబితే సర్వరు "గూ" దగ్గరే ఆగిపోతుంది. కాని జేసన్‌లో అలా జరిగితే చివరి బ్రాకెట్టు రాదు; పార్సరు వెంటనే తిరస్కరిస్తుంది; ప్రోగ్రామరు ఆ పూటే సరిదిద్దుకుంటాడు. అరిచే తప్పు కంటె మౌనంగా ఉండే తప్పు ప్రమాదకరం.

పరీక్షల్లో ఇది ఎందుకు దొరకదు? సొంత కంప్యూటరు నుండి సొంత కంప్యూటరుకే పంపితే చిన్న బాడీ సాధారణంగా ఒకే ముక్కగా వస్తుంది. పైథాన్‌లోని జేసన్ లైబ్రరీ, మనం వద్దని చెప్పకపోతే, ప్రతి తెలుగు సంకేతాన్నీ వాలుగీత, "యూ", నాలుగు అంకెలుగా విడమరచి రాస్తుంది. గూడూరు 36 బైట్లవుతుంది గాని అక్షరం తెగే భయం ఉండదు. నేను పైథాన్‌తోనే పరీక్షించి నిశ్చింతగా ఉన్నాను. బ్రౌజరు తెలుగును తెలుగుగానే పంపుతుంది.

చికిత్స కష్టమైనది కాదు. ముక్కలను బైట్లుగానే దాచాలి. వస్తుండగానే మొత్తం బైట్లను లెక్కిస్తూ, హద్దు దాటితే 413 చెప్పి నిలిపివేయాలి. అన్నీ వచ్చాక కలిపి, ఒక్కసారి అక్షరాలుగా మార్చి, అప్పుడు జేసన్‌ను చదవాలి. మార్చేటప్పుడు కఠినంగా ఉండాలి: తెలియని బైటు కనబడితే వజ్రం పెట్టి ఊరుకోక 400 చెప్పి తిరస్కరించాలి. పైథాన్ సహజంగానే అలా చేస్తుంది. జావాస్క్రిప్టులో మనం అడిగి చేయించుకోవాలి. వేర్వేరు వ్యవస్థలు ఇచ్చిపుచ్చుకునే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలని 2017 నాటి ప్రమాణం నిర్దేశించింది గనుక ఇందులో ఊహాగానాలకు తావులేదు. హద్దు విషయంలోనూ మన లెక్క మనం వేసుకోవాలి. ఎక్స్‌ప్రెస్ సహజంగా ఇచ్చే 100 కిలోబైట్లలో ఇంగ్లీషు అక్షరాలు లక్షకు పైగా పడతాయి. తెలుగు సంకేతాలు సుమారు 34 వేలే.

ఇవన్నీ పేరున్న లైబ్రరీలు చేసిపెడుతున్నాయి కదా అని కొందరు అనవచ్చు. నిజమే, వాటిని వాడుకోవడమే మేలు. కాని నాలాగా చిన్న పనికి చేత్తో రాసుకునేవారు ఎప్పుడూ ఉంటారు. అటువంటి చోట తెలుగు పాడైనప్పుడు మొట్టమొదట వినిపించే సలహా ఏమిటి? "ఇంగ్లీషు లిపిలో రాసెయ్యండి." ఈ సలహానే నేను ఎదిరిస్తున్నాను. అయిదు ఇంగ్లీషు అక్షరాలలో గూడూరు దీర్ఘాలు రెండూ పోతాయి. అది డకారమో దకారమో తెలియదు. కర్నూలు, కృష్ణా జిల్లాల గూడూర్లకూ ఇదే గతి. బైట్లు మిగిలాయి, పేరు పోయింది. సర్వరు చేసిన గాయానికి లిపిని వదులుకోవడం మందు కాదు.

పెద్ద సంస్థలూ ఇందుకు అతీతం కావు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక సంకేతాల వరుస ఐఫోన్లలోని అప్లికేషన్లను కూల్చివేసింది. ఆ నెలలోనే ఆపిల్ సవరణ విడుదల చేసింది. అది కూల్చింది గనుక లోకమంతా విన్నది. వజ్రాలు ఎవరినీ కూల్చవు గనుక ఎవరూ వినరు.

అందుచేత ప్రోగ్రాములు రాసే మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ సర్వరుకు ఒక తెలుగు జేసన్‌ను ఒక్కో బైటుగా విడగొట్టి పంపి చూడండి. గూడూరు గూడూరుగానే తిరిగివస్తే మీ సర్వరుకు తెలుగు వచ్చినట్లే.

నా పాటలలో పోయిన మాటలను పంపినవారిని మళ్ళీ అడిగి చాలావరకు పూరించుకున్నాను. ఒక్క పాటలో ఒక్క మాట మాత్రం పంపినవారికీ గుర్తులేదు. అక్కడ ఆ మూడు వజ్రాలనూ అలాగే ఉంచాను.