చేపలతొట్టిలో కొయ్య నిలుపుట

మిర్యాలగూడ సోదరి యొకరు వ్రాసిరి: "గాజుతొట్టిలో చేపలకు నీడగా నుండునని యేటియొడ్డున దొరికిన వేరుమొద్దును ఇసుకలో పాతితిమి. తెల్లవారుసరికి అది పైకి లేచి తేలుచుండెను. ఒక బంగారుచేప దానికిని గాజునకును నడుమ చిక్కి చచ్చినది. ఏమి చేయవలయును?"

క్షీరసాగరమును చిలుకునాడు మందరగిరి ఆధారము లేక మునిగెను. మన కొయ్యకో, ఆధారము లేక తేలుటయే చిక్కు. ఎండుకొయ్య రంధ్రములనిండ గాలి యుండును. అది వెడలి నీరు చేరినగాని మొద్దు అడుగున నిలువదు. కావున దానిని రుద్ది కడిగి, గంటసేపు నీట కాచి (వంటపాత్ర వలదు), గంగాళములో రాతిబరువు క్రింద మూడు నాలుగు వారములు నాననిండు, నీరు మార్చుచుండుడు. తంగేడుచెక్క నానినట్లు నీరు ఎఱ్ఱబడును. భయపడ నక్కఱలేదు, ఆ రంగు చేపలకు కీడు చేయదు. అప్పటికిని తేలెనేని రాతికి కట్టవలసినదే.

కొందఱు మొద్దును రెండువైపుల గాజుల నడుమ బిగించి నిలుపుదురు. ఇది నాకెంతమాత్రమును సమ్మతము కాదు. నానినకొయ్య ఉబ్బును, ఆ యుబ్బునకు గాజు పగులవచ్చును. నూఱులీటర్ల తొట్టి యన్న నూఱుకిలోల నీరు. ప్రక్కనే విద్యుత్తీగెలు, ఆడుకొను బిడ్డలు!

ఇక రాయి. మిర్యాలగూడ, హుజూర్‌నగరు ప్రాంతములు సున్నపురాతికి పుట్టినిండ్లు. అచ్చట సిమెంటు కర్మాగారములు వెలయుటకు కారణ మదియే. ఆ రాయి నీట మెల్లగా కరిగి కాఠిన్యమును పెంచును. మన బోరునీరు మొదలే కఠినము. నిమ్మరసము చుక్క వేసిన బుడగలు లేచు రాయి పనికిరాదు. గ్రానైటు మేలు. సూర్యాపేటవంటి ఊళ్లలో వంటగట్టులకు పలకలు కోయు అంగళ్ల యందు మిగులు తునుకలే చాలును. కిలో తూగు తేలికకొయ్యకు కిలో గ్రానైటు చాలదు, అంతకు మించిన బరువు కావలయును. కోయువానిచేతనే పలకకు రెండు రంధ్రములు తొలిపించి, తుప్పుపట్టని ఉక్కు మరమేకులతో అడుగునుండి బిగింపుడు. లేదా గాలపు నైలాను దారముతో కట్టుడు. నూలుదారము కుళ్లును, ఇనుపతీగె తుప్పుపట్టును, రాగితీగె చేపలకు విషము. పలకపై ముతక ఇసుక కప్పిన కంటికి కనబడదు.

2024 సెప్టెంబరు మొదటి వానలకు కోదాడ నీట మునిగినది. అట్టి వరదల వెంట వాగులలో మొద్దు లెన్నియో కొట్టుకొనివచ్చును. చూచుటకు ముచ్చటయే గాని, హైదరాబాదు మురుగును మోయు మూసీలో తేలినదానిని ఇంటికి తేవలదు. వేపయు, పాలుగారు చెట్ల కొయ్యయు అసలే వలదు.

మొద్దు నమర్చి తొట్టి నింపిన పిమ్మట ఒక దినము ఆగి, చేతితో కదిపి చూడుడు. కదలినచో చేపలను విడువక విప్పి మరల కట్టుడు.