గోడ మనది, పేరేది?

విగ్రహాలకు మా కొత్తపేట పెట్టింది పేరు. ఇక్కడ తయారైన విగ్రహం ఏ ఊరి సెంటర్లో నిలబెట్టినా చేసిన శిల్పి పేరు చెప్పుకుంటారు. మంచిదే. మరి ఎగ్జిబిషన్లో మన బొమ్మ కింద ఏం రాస్తున్నారు? 'గిరిజన కళ'. అంతే. వేసిన మనిషికి పేరుండదా?

మా ఎరుకల ఆడవాళ్ళు అల్లిన బుట్టను సంతలో గీచి గీచి బేరమాడతారు. అదే బుట్ట ఎగ్జిబిషన్లో ఉంటే 'ముట్టుకోవద్దు' అని బోర్డు పెడతారు. బుట్టకొచ్చిన మర్యాద అల్లిన చేతికి రాలేదు.

సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలేస్తారు. అవి అలంకారానికి పుట్టినవి కావు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గాలని, పంట పండాలని వేసేవి. ఇప్పుడవి కాన్వాసు మీదికి, గుడ్డ మీదికి, ఆఫీసు గోడల మీదికి ఎక్కాయి. ఎక్కడం తప్పని మేం అనడం లేదు. ఎవర్ని అడిగి ఎక్కించారు, ఎంతిచ్చారు అని అడుగుతున్నాం. 'కళను బతికిస్తున్నాం' అంటారు. కళాకారుడు కూలికి పోతుంటే బతికిందేమిటి?

ఇది మన ఒక్కరి గోడు కాదు. ఆస్ట్రేలియా ఎడారిలో పాపున్యా అనే ఊరుంది. 1971లో జెఫ్రీ బార్డన్ అనే టీచరు ప్రోత్సాహంతో అక్కడి ఆదివాసీ పెద్దలు బడి గోడ మీద తమ తేనెచీమ కథను బొమ్మగా వేశారు. మరుసటి ఏడే 'పాపున్యా తులా' అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. దాని యజమానులు ఆదివాసులే. అయినా మోసం ఆగలేదు. వాళ్ళలో జానీ వరంగ్‌కులా 1972లో వేసిన ఒక చిత్రం 2000లో వేలంలో 4,86,500 డాలర్లు పలికింది. అందులో ఆయనకు వాటా ఇవ్వాలనే చట్టమే అప్పుడు లేదు. పోరగా పోరగా 2009లో వచ్చింది. ఇప్పుడు తిరిగి అమ్మినప్పుడు 5 శాతం చిత్రకారుడిది.

మన దేశపు కాపీరైటు చట్టంలోనూ 53ఎ సెక్షను ఉంది. అసలు చిత్రం పదివేలకు మించి తిరిగి అమ్ముడుపోతే, వేసినవాళ్ళు 10 శాతం దాకా వాటా అడగొచ్చు. కానీ పేరే రాయని బొమ్మకు వాటా ఎవరడుగుతారు? పేరు చెరిపేది అందుకే.

పంతుళ్ళూ, మీ బడి గోడ పిల్లల తాతలకు, అమ్మమ్మలకు ఇవ్వండి. వేసినవాళ్ళ పేరు, ఊరు కింద రాయించండి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బొమ్మ ఇచ్చే ముందు ఫొటో తీసుకోండి, వెనక సంతకం పెట్టించండి, రసీదు అడగండి. పేరు రాయని ఎగ్జిబిషన్‌కు మన బొమ్మ పోకూడదు. పోనివ్వం.