ఏడుగురి పేర్లు వ్రాసుకుందాం: ఇంటి పట్టునే ఉంటున్న మన పెద్దల కోసం

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1–7



ఈ మాటలను మీలో కొందరు దుబాయిలోనో మస్కట్‌లోనో డ్యూటీ దిగి గదికి వచ్చాక చదువుతారు. కొందరు భివండిలోనో హైదరాబాద్‌లోనో చదువుతారు. మీ అమ్మానాన్నలు మాత్రం ఇక్కడే, మన ఊర్లలోనే ఉన్నారు. ఈ వారం వారి గురించి మాట్లాడుకుందాం.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో ఎనిమిది జిల్లాలయ్యాయి. జిల్లా పేరు మారింది కానీ వాడకట్టులో పరిస్థితి ఒకటే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు వెళ్తే ప్రతి ఊరిలోనూ గల్ఫ్ డబ్బుతో కట్టిన స్లాబు ఇల్లు కనబడుతుంది. నాలుగు గదుల్లో మూడింటికి తాళం, ముందు వసారాలో మంచం మీద ఒక అవ్వ. సిరిసిల్ల నేతన్నల కుటుంబాల్లో కొడుకులు భివండి, సూరత్ మగ్గాల దగ్గర ఉన్నారు. మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరైన తాతల పిల్లలు చదువుకొని పట్నం చేరారు. పిల్లలు బాగుపడినందుకు దేవునికి స్తోత్రము. అయితే ఆ బాగుకు ఒక ఖరీదు ఉంది. దాన్ని ఇంటి దగ్గర మిగిలిన పెద్దలు చెల్లిస్తున్నారు.

గృహదర్శనాలకు వెళ్ళినప్పుడు మేము ఎక్కువగా వినే మాట ఇది: "పైసలు పంపుతడు బిడ్డా, ఫోన్ల మొఖం గూడ సూపిస్తడు. గాని రాత్రి జెరమొస్తే ఇన్ని నీళ్ళిచ్చేటోళ్ళు కావాలె గద!" అట్లయితే కొడుకు దగ్గరికి పట్నం పోరాదా అవ్వా అని అడిగితే, "ఈడ చెట్టు కిందికి పోతే నలుగురు పలకరిస్తరు. ఆడ తలుపు తీస్తే ఎవలుంటరు?" అంటారు. వారు కోరేది పెద్ద వైభవమేమీ కాదు. తమ ఇంట్లో, తమ వాకిట్లో, తెలిసిన మనుషుల మధ్య చివరి దినములు గడపాలని కోరుతున్నారు.

ఈ రోజుల్లో ఎవరితో మాట్లాడినా రెండే దారులు చెబుతున్నారు. ఒకటి పట్నం తీసుకుపోవడం, రెండవది వృద్ధాశ్రమంలో చేర్చడం. ఎవరూ లేనివారికి వృద్ధాశ్రమం దేవుడిచ్చిన నీడ, దానిని మేము తక్కువచేసి మాట్లాడము. కానీ మూడవ దారి ఒకటి ఉంది. అది సంఘము చేతిలో ఉంది, ఊరి చేతిలో ఉంది. పెద్దవారిని ఇల్లు కదిలించకుండా, వారి ఇంటికే మనం క్రమంగా వెళ్ళడం.

"క్రమంగా" అనే మాటను గమనించండి. మన సంఘములలో ప్రేమకు కొదువ లేదు. ఒక అవ్వ పడిపోయిందని తెలిస్తే పదిమంది పరుగెత్తుకొస్తారు. తెలిసేదాకానే సమస్య. అందరూ చూస్తారులే అనుకున్న చోట ఎవరూ చూడరు. వాక్యభాగము నేర్పేది సరిగ్గా ఇదే.

యెరూషలేము సంఘములో జరిగింది ఏమిటి?

ఆ సంఘము ఆత్మతో నిండిన సంఘము. ఆస్తులు అమ్మి పంచుకున్న సంఘము. అయినా అక్కడ గ్రీకుభాష మాట్లాడే విధవరాండ్రు అనుదిన పంపకములో మిగిలిపోయారు. ఎవరో పగబట్టి చేశారని వాక్యము చెప్పదు. సంఘము పెరిగింది, కొందరు లెక్కలోకి రాలేదు, అంతే. అపొస్తలులు ఆ సణుగుడును తప్పుపట్టలేదు, ప్రార్థన చేద్దాం లెండి అని పంపివేయలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ లేఖనములో వ్రాయబడ్డాయి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు మిగిలిపోయారో ఆ పక్షం వారి చేతికే పంపకము అప్పగించబడిందని దీనినిబట్టి అర్థమవుతుంది.

వృద్ధుల సేవకు ప్రేమ ఒక్కటే చాలదు, పేర్లు కావాలి. ఏ అవ్వ ఇంటికి ఎవరు, ఏ రోజు వెళ్తారో ముందే తెలిసి ఉండాలి. ఇదే ఈనాటి మా మనవి.

ఇది మన సంఘాలకు కొత్త సంగతి కూడా కాదు. నిజాం కాలంలో ఈ ప్రాంతపు పల్లెలకు సువార్త తెచ్చినవారిలో వెస్లియన్ మెథడిస్టులు ముఖ్యులు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు అందులో కలిసిన పాయల్లో అది ఒకటి. ఆ మెథడిస్టుల క్లాసు పద్ధతి ఎలా మొదలైందో వినండి. 1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ పట్టణంలో మందిరం కట్టిన అప్పు మిగిలిపోయింది. తలా వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నారు. పేదలు అది కూడా ఇవ్వలేరని ఒకరు అడ్డుచెప్పారు. అప్పుడు మరొకరు లేచి, పేదలైన పదకొండుమందిని నాకు అప్పగించండి, వారానికోసారి వారి ఇంటికి నేనే వెళ్తాను, ఇవ్వలేనివారిది నేనే కడతాను అన్నారు. అలా పన్నెండుమందికి ఒక క్లాసు, ఒక నాయకుడు అయ్యారు. అప్పు కోసం ఇల్లిల్లూ తిరిగితే ఎవరు జబ్బుపడ్డారు, ఎవరు పస్తున్నారు, ఎవరు దారి తప్పారు అన్నది తెలిసివచ్చింది. అదే గొప్ప కాపరత్వమని జాన్ వెస్లీ గ్రహించారు. ఆదిలో పైసల లెక్క, తరువాత మనుషుల లెక్క.

"అది పిల్లల బాధ్యత కాదా?"

ఈ మాట పెద్దలు కూడా అంటున్నారు. సంఘము చూస్తుందంటే కొడుకులు, కోడళ్ళు చేతులు దులుపుకుంటారని వారి భయం. ఆ భయంలో న్యాయం ఉంది. తన ఇంటివారిని చూసుకోనివాడి గురించి పౌలు తిమోతికి ఎంత కఠినంగా వ్రాశాడో 1 తిమోతి 5వ అధ్యాయములో చదవండి. దేవునికి అర్పించానని చెప్పి తల్లిదండ్రులకు పెట్టనివారిని మార్కు 7వ అధ్యాయములో ప్రభువే గద్దించాడు. కానుకల సంచిలో వెయ్యి వేసి తల్లి మందులకు వంద ఇవ్వనివాని కానుక దేవునికి ఇష్టమవుతుందని మేము అనుకోము.

అయినా మరొక వైపు కూడా చూడండి. సిలువ మీద వ్రేలాడుతున్న ప్రభువు తన తల్లిని ఎవరికి అప్పగించాడు? ఆమెకు వేరే కుమారులు ఉన్నారు. అయినా దగ్గర నిలిచివున్న శిష్యునికి అప్పగించాడు, అతడు ఆమెను తన ఇంటికి చేర్చుకున్నాడు. దగ్గర ఉన్నవాడే ఆ గడియలో కొడుకయ్యాడు. రూతు గ్రంథము చివరలో నయోమి వృద్ధాప్యానికి ఆదరణగా బిడ్డ పుట్టినప్పుడు వానికి పేరు పెట్టింది కూడా పొరుగు స్త్రీలే.

అబుదాబిలో ఉన్న కొడుకు రెండేళ్ళకోసారి వస్తాడు. తల్లి బాత్రూంలో జారిపడేది మాత్రం అతడు లేని మంగళవారం నాడు. కొడుకు చేయవలసింది కొడుకే చేయాలి. అతని చేయి అందని చోట సంఘము చేయి అందాలి. ఇది కొడుకు బదులు కాదు, కొడుకుకు తోడు.

ఏమేం చేయగలం?

మొదట జాబితా. ప్రతి సంఘములో అరవై దాటి ఒంటరిగా లేక ఇద్దరే ఉంటున్నవారి పేర్లు వ్రాయండి. ఒక్కో ఇంటికి ఇద్దరిని నియమించండి. వారిలో ఒకరు స్త్రీల సమాజము నుండి, ఒకరు యౌవనస్థుల నుండి ఉంటే మంచిది. వారానికి రెండు రోజులు, అవే రోజులు వెళ్ళాలి. గంటసేపు కూర్చోనవసరం లేదు. తిన్నారా, గోలీలు వేసుకున్నారా, ఫోన్‌లో చార్జింగ్ ఉందా అని చూసి, చిన్న ప్రార్థన చేసి వస్తే చాలు.

రెండవది పింఛను. ఆసరా పింఛను 2014 నవంబరులో నెలకు 1000 రూపాయలతో మొదలై, 2019లో 2016 రూపాయలకు పెరిగింది. ఆ డబ్బు చాలాచోట్ల వేలిముద్ర వేస్తే చేతికొచ్చేది. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టి, కూలి చేసి అరిగిన వేళ్ళు కొందరికి మిషన్ మీద పడేవి కావు. ఒకసారి కాకపోతే మళ్ళీ రమ్మంటే, ఎండలో రెండోసారి నడవలేక ఆ నెల వదులుకున్నవారున్నారు. చదువుకున్న ఒక యౌవనస్థుడు ఆ రోజు పక్కన నిలబడితే, అడగవలసిన మాట అడుగుతాడు.

మూడవది వైద్యం. బీపీ, షుగరు గోలీలు ఉప కేంద్రంలో, పల్లె దవాఖానలో దొరుకుతాయి. అయిపోయాక తెచ్చేవారు లేకనే చాలామంది మానేస్తున్నారు. ఆశా అక్కతో, ఏఎన్‌ఎం అమ్మతో మన జాబితా పంచుకోండి. మంచం పట్టినవారికి, కాన్సర్ నొప్పితో ఉన్నవారికి ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి. "ఆలన" బృందాలు ఇంటికే వచ్చి చూస్తాయి. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

నాలుగవది ఇల్లు. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ, గడప దగ్గర ఒక బల్బు, జారని చెప్పులు. మన సంఘములో మేస్త్రీలు, వెల్డింగ్ చేసే తమ్ముళ్ళు ఉన్నారు. ఒక శనివారం చాలు. తుంటి ఎముక విరిగి మంచాన పడిన తరువాత చేసే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

ఐదవది చట్టం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చూసుకోవాలనే షరతుతో ఇల్లో పొలమో రాసిచ్చాక చూడకపోతే, ఆ రాతను రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షనులో ఉంది. వృద్ధుల సహాయానికి ఉచిత ఫోన్ నంబరు 14567. ఇంటి మాట ఇంట్లోనే తీరాలని ముందు ప్రయత్నిద్దాం. కానీ కొట్టినా తిట్టినా ఓర్చుకోమని ఏ అవ్వకూ వాక్యము పేరు మీద చెప్పకండి.

ఇదంతా పల్లెల్లో కుదురుతుందా అని అనుమానపడేవారు కేరళను చూడండి. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో చిన్నగా మొదలైన పాలియేటివ్ సేవ, తరువాత ఊరూరా ఇరుగుపొరుగు వారి సేవగా మారింది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగినవారికి శిక్షణ ఇచ్చారు. ఆటో నడిపేవారు, విద్యార్థులు, గృహిణులు మంచం పట్టినవారి ఇండ్లకు వెళ్ళారు. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్‌కు ఒక విధానమే ప్రకటించింది. డబ్బున్న అమెరికాలోనూ, బోస్టన్‌లో 2002 నుండి వృద్ధులే ఒక సంఘంగా కూడి, తమ ఇండ్లలోనే ఉండేందుకు ఒకరికొకరు ఆసరా అవుతున్నారు. మిజోరం సంఘములు 1910 నుండి వంట వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుని పనికి తీసి పెడుతున్నాయి. పిడికెడు బియ్యం మనకూ తెలిసినదే. అందులో ఒక భాగం ఈ జాబితాకు కేటాయించలేమా?

రెండు హెచ్చరికలు

మన సంఘపు అవ్వల దగ్గరే ఆగిపోకండి. పక్కింటి ముస్లిం తాత, గూడెంలోని గోండు పెద్దమ్మ, గుడి వెనుక ఇంట్లోని వృద్ధ దంపతులు కూడా మన పొరుగువారే. గ్రామ మహిళా సంఘం వారితో కలిసి పనిచేయండి. సహాయానికి ఏ షరతూ పెట్టకండి. గోలీ ఇచ్చి మందిరానికి రమ్మనడం ప్రేమ కాదు, బేరం. మంచి సమరయుడు గాయాలు కట్టేముందు ఆ మనిషి ఏ మతమని అడగలేదు.

రెండవది, పెద్దలను పనికిరానివారిగా చూడకండి. వారు మన జాలి కోసం బ్రతకడం లేదు. లేవలేని అవ్వ కూడా ప్రార్థన చేయగలదు. ఆమెకూ ఒక జాబితా ఇవ్వండి: పరీక్షలు రాసే పిల్లల పేర్లు, గల్ఫ్‌లో ఉన్న కొడుకుల పేర్లు. మీరు ఆమె ఇంటికి వెళ్ళే రోజు, ఆమె మీ పేరు దేవుని యెదుట ఎత్తే రోజు ఒకటే కావాలి.

దూరాన ఉన్న కుమారులారా, కుమార్తెలారా, మీకొక మాట. పైసలు పంపడం మానకండి. దానితోపాటు మీ ఇంటి తాళం చెవి, డాక్టరు చీటీ ఫోటో, మీ ఫోన్ నంబరు ఊరిలో నమ్మకస్థులైన ఇద్దరికి ఇవ్వండి. సెలవు మీద వచ్చినప్పుడు మీ అమ్మ ఇంటితోపాటు జాబితాలోని మరొక అవ్వ ఇంటికి కూడా వెళ్ళిరండి. ఆమె కొడుకు కూడా మీలాగే ఎక్కడో డ్యూటీలో ఉన్నాడు.

యెరూషలేములో ఆ ఏడుగురి ఏర్పాటు జరిగిన వెంటనే వాక్యము ప్రబలమైందని, శిష్యుల సంఖ్య విస్తరించిందని లూకా వ్రాశాడు. విధవరాండ్ర భోజనపు లెక్క సరిచేయడం సువార్తకు అడ్డు కాలేదు, సువార్తకు దారి వేసింది. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక ఒక నోటు పుస్తకం తీయండి. ఎడమ వైపు పెద్దల పేర్లు, కుడి వైపు మీ పేర్లు వ్రాయండి.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, తల నెరసేవరకు మమ్మును మోసే దేవా, మా ఊర్లలో ఒంటరిగా ఉన్న ప్రతి తల్లిని, ప్రతి తండ్రిని నీ రెక్కల నీడలో దాచుము. వారి గడప తొక్కే పాదములుగా మమ్మును వాడుకొనుము. దూరదేశములో ఉన్న వారి బిడ్డలను కాపాడుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.