టైరు తారీఖు చూడకుండా తఖ్దీర్ మీదికి నెట్టకండి

బైకు యాక్సిడెంట్‌లో పోయినవాడి జనాజా దగ్గర మనవాళ్ల నోట్లో సిద్ధంగా ఉండే మాట ఒకటే: "వక్త్ వచ్చింది, వెళ్లిపోయాడు." మౌత్‌కి వక్త్ రాసిపెట్టి ఉందన్నది మన ఈమాన్. అందులో షక్ లేదు. కానీ దాన్ని బహానా చేసుకుని, ఎండకి బీటలు వారిన టైరు మీద బీవీబచ్చాల్ని కూర్చోబెట్టడానికి ఇజాజత్ ఎవరిచ్చారు? ముందు ఒంటెని కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న హదీసు జుమా బయాన్లలో ఎన్నిసార్లు విన్నాం! మన ఒంటె ఇప్పుడు రెండు టైర్ల మీద నడుస్తోంది.

"గ్రిప్పు బాగానే ఉంది కదా భాయ్" అంటారు. గ్రిప్పు చెప్పేది అరుగుదల గురించే, ఉమర్ గురించి కాదు. బండి కదలకపోయినా ఎండకీ గాలికీ రబ్బరు ముసలిదవుతుంది, గట్టిపడుతుంది, రోడ్డుని పట్టుకునే తాఖత్ పోగొట్టుకుంటుంది. పైగా రబ్బరులో కలిపే రక్షణ మైనం టైరు తిరుగుతుంటేనే పైకి వస్తుంది. నిలబెట్టిన బండికి ఆ హిఫాజత్ కూడా తక్కువే.

ఇది ముఖ్యంగా గల్ఫ్ ఇళ్లవాళ్లు వినాలి. కొడుకు సౌదీలో, బండి వరండాలో. అమ్మీ రోజూ దాని దుమ్ము తుడుస్తుంది. మూడేళ్లకి ఛుట్టీ మీద వచ్చిన సాహెబ్ గాలి కొట్టించి, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని హైవే ఎక్కుతాడు. "ఎక్కువ తిరగని బండి, టైర్లు కొత్తవే" అని ధీమా! కారుకి నాలుగు చక్రాలు. బైకు ముందు టైరు పగిలితే సంభాళించుకునే మోఖా దాదాపు ఉండదు.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 3517 అని ఉంటే 2017లో 35వ వారం, అంటే ఆగస్టు నెలాఖరులో తయారైంది. ఒక వైపు కనిపించకపోతే రెండో వైపు చూడండి. ఐదేళ్లు దాటితే ఏటా మెకానిక్‌కి చూపించాలి, పదేళ్లయితే ఎంత బాగున్నా మార్చెయ్యాలి అని మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీయే చెబుతోంది. బీటలు, ఉబ్బులు కనిపిస్తే ఏళ్లు లెక్కపెట్టొద్దు, వెంటనే మార్చండి.

కొనేటప్పుడూ ఆ అంకెలే అడగండి. పాత స్టాకు రాయితీలో ఇస్తాడు, సెకండ్‌హ్యాండ్ టైరుకి నల్ల పాలిష్ కొట్టి ఇస్తాడు. ఖిజాబ్ వేస్తే బూఢా జవాన్ అవుతాడా?

"పైసల్లేవు" అనకండి. వలీమాలో ఒక్క డేగ్ బిర్యానీ తగ్గిస్తే రెండు టైర్లొస్తాయి. జహేజ్‌లో ఫలానా బండే కావాలని పట్టుబట్టిన దూల్హా మియా, రంగు చూశారు, మోడల్ చూశారు. ఆ నాలుగు అంకెలు ఎప్పుడైనా చూశారా? వెనక కూర్చున్న ఆడబిడ్డ జాన్ మీ చేతిలో అమానత్. అమానత్‌లో ఖయానత్ చేసి, నింద తఖ్దీర్ మీద వేస్తే హిసాబ్ తప్పుతుందా?